షుగరు మనిషి, రోజా, నర్సు చెప్పే నాలుగు మాటలు

(సంఘ వార్షిక సభలో నర్సుల తరఫున చదివిన ఉపన్యాస పాఠం)

  

మమ్మల్ని మాట్లాడమని కార్యదర్శిగారు కోరినప్పుడు మేము కొంచెం జంకిన మాట నిజం. ఆసుపత్రిలో మాట్లాడే పని డాక్టర్లది. మా పని డ్రిప్పు చూడడం, జ్వరం రాసి పెట్టడం, రాత్రి రెండు గంటలకు బెల్లు మోగితే పరుగెత్తడం. అయినా గత మూడు రంజాన్లుగా యీ హాలులో, యిదే బల్లల మీద మేము చేసిన పనికి మీకు లెక్క చెప్పవలసిన బాధ్యత మా మీద వున్నది. హాలు మీది, కరెంటు బిల్లు మీది, టీ మీది. లెక్క మాత్రం మాది.

మేమంటే మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి వైపు ఆసుపత్రులలో పనిచేసే నర్సులం. యెక్కువమందిమి ప్రైవేటు, ఒకరిద్దరు సర్కారు. మాలో ఖమ్మం, నల్లగొండ జిల్లాల అమ్మాయిలున్నారు, టోలిచౌకిలో పుట్టి పెరిగినవారున్నారు, కొట్టాయం నుంచి వచ్చి యిక్కడే తెలుగు నేర్చుకున్నవారున్నారు. ఆ కొట్టాయం వాళ్లు "దాదీ, సహరీ చేసినారా?" అని అడుగుతుంటే మా ముసలమ్మలకు మహా ముచ్చట. మేము అడిగినదానికి చెప్పని జవాబు వాళ్లు అడిగితే చెబుతారు.

యీ ప్రాంతం సంగతి మీకు మేము కొత్తగా చెప్పేదేమున్నది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభించిననాటికి చుట్టూ బండరాళ్లూ తుప్పలూ. యిప్పుడు తల యెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టే అద్దాల మేడలు. 2019లో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది, ఆ మరుసటి యేడు దుర్గం చెరువు మీద తీగల వంతెన వెలిసింది. అయితే అద్దాల మేడ నడవాలంటే లోపల కంప్యూటరు ముందు కూర్చునేవారు వుంటే సరిపోదు. వారిని తెచ్చి దింపే డ్రైవరు కావాలి, గేటు దగ్గర నిలబడే వాచ్‌మన్ కావాలి, హాస్టళ్లలో వండేవారు కావాలి. షేక్‌పేట, టోలిచౌకి, హఫీజ్‌పేట, మసీదుబండ నుంచి యీ పనులకు వచ్చేవారిలో మనవాళ్లు యెందరో మీకు తెలుసు.

లోపల కూర్చునేవారి ఆరోగ్యం కూడా గొప్పగా యేమీ లేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రుల పరిశోధకులు యిక్కడి ఐటీ వుద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రకటించిన ఫలితం పత్రికలలో అందరూ చూసే వుంటారు. నూటికి 84 మందికి కాలేయంలో కొవ్వు. 71 మందికి స్థూలకాయం. కూర్చున్నచోటే కూర్చుని, వేళ తప్పి తిని, రాత్రిళ్లు మేలుకుంటే వచ్చే ఫలితమది. ఐసీయంఆర్ వారు 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో షుగరు వ్యాధి వున్నవారు 10 కోట్ల పైమాటే. మా బల్ల దగ్గరకు వచ్చే డ్రైవరు, వాచ్‌మన్, వంటామె కూడా వేళ తప్పి తినేవారే, రాత్రిళ్లు మేలుకునేవారే. తేడా యేమిటంటే వారికి కంపెనీ హెల్త్ చెకప్పు లేదు.

అసలు యీ పని యెలా మొదలయిందో చెప్పాలి.

రంజాను నాలుగో రోజో అయిదో రోజో, మధ్యాహ్నం మూడున్నర వేళ. మాలో ఒకామె డ్యూటీ దిగి వస్తుంటే ఫ్లైఓవరు దిగేచోట ఒక క్యాబు అడ్డంగా ఆగి వున్నది. వెనక హారన్లు, చుట్టూ జనం. డ్రైవరు చెమటతో నిలువునా తడిసిపోయి వున్నాడు. మాట ముద్దగా వస్తున్నది, అడిగిన దానికీ చెప్పే దానికీ పొంతన లేదు. "పట్టపగలే తాగి బండి నడుపుతుండు చూడున్రి" అని ఒకాయన ఫోనులో వీడియో తీస్తున్నాడు. కారులో అద్దానికి తస్బీ వేలాడుతున్నది. మా ఆమెకు అనుమానం వచ్చింది. దగ్గరి జ్యూస్ బండి నుంచి చక్కెర కలిపిన నీళ్లు తెప్పించి, మింగగలుగుతున్నాడని చూసుకుని, గుక్కగుక్కగా తాగించింది. ఆసుపత్రికి చేర్చి రక్తం చూస్తే, అన్ని చక్కెర నీళ్లు తాగిన తర్వాత కూడా 58. తేరుకున్నాక అతనన్న మొదటి మాట, "సిస్టరమ్మా, నేను తాగలే. రోజాల ఉన్న."

ప్రాణం పోతుందన్న భయం కన్నా, రంజానులో తాగినవాడని నలుగురూ అనుకున్నారన్న బాధే అతనికి యెక్కువగా వున్నది. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు.

తర్వాత అతని జేబులో మందుల కాగితం చూశాము. మాత్ర పేరు పక్కన 1-0-1 అని వున్నది. అంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. పొద్దున మాత్రను అతను సహరీలో వేసుకున్నాడు, తప్పేమున్నది, అది పొద్దునే కదా. కాని ఆ రోజు ఎయిర్‌పోర్టు ట్రిప్పుల మధ్య అతని సహరీ ఒక చాయి, రెండు వుస్మానియా బిస్కెట్లు. ఆ మాత్ర యెలాంటిదంటే మనం తిన్నా తినకపోయినా క్లోమగ్రంథిని పిండి ఇన్సులిన్ తీస్తుంది. తిండి లేకపోతే రక్తంలో వున్న చక్కెర కాస్తా దిగిపోతుంది. యీ సంగతి అతనికి యెవరూ చెప్పలేదు. నువ్వు రోజా వుంటావా అని యెవరూ అడగలేదు.

ఆ కాగితం అతని చేతికి యిచ్చింది మాలో వారే. యే ఆసుపత్రి అన్నది యిక్కడ అనవసరం. ఆ పూట చాలామందిని డిశ్చార్జి చేయాలి, మంచాలు ఖాళీ కావాలి, కింద కొత్త రోగులు కాచుకుని వున్నారు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, సరేనా భాయ్?" అన్నాము. "సరే" అన్నాడు. చెప్పడం అయిపోయిందని సంతకం చేశాము. మేము చెప్పినది అతనికి అర్థమయిందో లేదో చూడలేదు. యీ తప్పు మాది. అందుకే యీ బల్ల పెట్టాము.

రంజానుకూ షుగరుకూ వున్న సంబంధం మేము కనిపెట్టినదేమీ కాదు. 2001లో 13 దేశాలలో, 12,243 మంది షుగరు రోగులను అడిగి ఒక పెద్ద పరిశీలన చేశారు. పెద్దవయసులో వచ్చే రకం షుగరు, అంటే టైప్ 2 వున్నవారిలో నూటికి 79 మంది నెలలో కనీసం 15 రోజులు రోజా వున్నారు. డాక్టరు వద్దన్నా వున్నారు. ఆసుపత్రికి పరుగెత్తవలసినంతగా షుగరు పడిపోవడం ఆ నెలలో మామూలు నెలలకన్నా ఏడున్నర రెట్లు పెరిగింది. కనుక "షుగరున్నవారు రోజా వుండకండి" అని ఒక్క మాట అనేసి చేతులు దులుపుకుంటే యేమవుతుంది? వారు వుండనే వుంటారు. మనతో చెప్పరు, అంతే.

దీనికి విరుగుడు లేకపోలేదు. లండనులో ఒక చిన్న ప్రయత్నం చేసి 2010లో ఫలితం ప్రకటించారు. 111 మంది ముస్లిములు, అందరూ టైప్ 2 వారే. రంజానుకు ముందు సగం మందికి తిండి గురించి, మందు వేళ గురించి, షుగరు పడిపోతే గుర్తుపట్టడం గురించి కూర్చోబెట్టి నేర్పారు. మిగతావారికి నేర్పలేదు. నేర్చుకున్నవారిలో షుగరు పడిపోయిన సందర్భాలు రంజానుకు ముందు 9 వుంటే రంజానులో 5కు దిగాయి. నేర్చుకోనివారిలో అదే 9 కాస్తా 36 అయ్యాయి. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. కూర్చోబెట్టి చెప్పడమే.

యిది చదివి మేము వుత్సాహపడి మొదటి యేడు యీ హాలులో సభ పెట్టాము. తెలుగులో, వుర్దూలో కరపత్రాలు అచ్చు వేయించాము. మాలో బాగా మాట్లాడగలిగినామె అరగంట వుపన్యాసం యిచ్చింది. అందరూ తల వూపారు, చాయి తాగారు, షుక్రియా అన్నారు. యెంతమంది వచ్చారో రాసుకున్నాము. పండుగ తర్వాత కనబడినప్పుడు "రోజాలు యెలా గడిచాయి?" అని అడిగితే అందరిదీ ఒకటే జవాబు, "అల్‌హందులిల్లా, బాగా గడిచినయి." మేము మురిసిపోయాము. సంఘం చిన్న నివేదికలో కూడా కార్యక్రమం విజయవంతమయిందని రాశాము. ఆ వాక్యం యిప్పుడు చదివితే మాకు సిగ్గు వేస్తుంది.

యెందుకంటే బక్రీదు నాటికి ఒక కోడలుపిల్ల వచ్చి మెల్లగా చెప్పింది. వాళ్లత్తగారు హాస్టల్లో వంట చేస్తారు. మా సభలో ముందు వరుసలో కూర్చుని అన్నింటికీ తల వూపిన పెద్దావిడ. రంజానులో రెండుసార్లు పొయ్యి ముందు కళ్లు తిరిగి పడ్డారట. ఒకసారి మోచేయి కాలింది. మేము వెళ్లి అడిగాము, "ఖాలా, మాకెందుకు చెప్పలేదు?" ఆమె నవ్వి, "చెప్తే మీరు రోజా ఇడవమంటరు గద బేటా. నలభయి ఏండ్ల సంది ఇడవలే" అన్నది. రక్తం యెందుకు చూసుకోలేదంటే, వేలికి సూది గుచ్చుకుంటే, నెత్తురు కనబడితే రోజా పోతుందని ఆమె నమ్మకం. గ్లూకోమీటరు బీరువాలో పెట్టి వున్నది. కొడుకు దుబాయి నుంచి పంపిన మంచి మిషను, పెట్టె కూడా విప్పలేదు.

అప్పుడు తెలిసింది మేము లెక్క పెట్టినది కుర్చీలనని.

లెక్క గురించి ఒక మాట చెప్పనివ్వండి. నర్సు అనగానే చేతిలో దీపం పట్టుకున్న ఫ్లారెన్స్ నైటింగేల్ బొమ్మ అందరికీ గుర్తుకు వస్తుంది. ఆమె పనిచేసిన స్కుటారి ఎక్కడో యూరపులో కాదు, ఇస్తాంబూల్ నగరంలోని వుస్కుదార్. తుర్కీ సుల్తాను సైనిక బారకాసులను అప్పుడు బ్రిటిషు సైనికుల ఆసుపత్రిగా వాడారు. 1854లో ఆమె అక్కడికి చేరింది. సైనికులు గాయాలకన్నా కలరా, విరేచనాలు, జ్వరాలతో యెక్కువగా చచ్చిపోతున్నారని చావుల లెక్క తీసి చూపించింది. 1855 వసంతంలో మురుగు కాలువలు బాగుచేయించి గాలి వెలుతురు వచ్చేలా చేశాక చావులు యెంతో తగ్గాయి. దీపం కన్నా ఆమె చేతిలోని లెక్కల పుస్తకం గొప్పదని మా అభిప్రాయం. అంతకు పన్నెండు వందల యేండ్ల ముందే మదీనాలో గాయపడినవారికి గుడారం వేసి సేవ చేసిన రుఫైదా పేరు మీలో చాలామందికి తెలుసు. మా నర్సింగు పాఠ్యపుస్తకాలలో మాత్రం ఆమె పేరు మేము చదవలేదు. యిది మాటవరసకు చెప్పాము.

రెండో యేడు మేము పద్ధతి మార్చుకున్నాము. అన్నీ ఒకేసారి కాదు. ఒకటి మార్చి చూడడం, పనికి వస్తే వుంచడం, లేకపోతే తీసేయడం.

మొదటి పని మా చేతిలోది కాదు. మసీదులో ఇమాం సాబ్‌ను కలిసి ఖాలా అనుమానం చెప్పాము. వేలికి సూది గుచ్చి షుగరు చూసుకుంటే రోజా చెడదని ఆయన జుమా రోజున మైకులో చెప్పారు. జబ్బు మనిషికి దీన్‌లో వున్న సడలింపు గురించి కూడా ఆయనే చెప్పారు. మేము పదిసార్లు చెప్పినా రాని గురి ఆయన ఒక్కసారి చెబితే వచ్చింది. ధర్మసందేహం నర్సు తీర్చేది కాదు, ఇన్సులిన్ డోసు ఇమాం సాబ్ చెప్పేది కాదు. యెవరి బల్ల వారిది, అయితే రెండు బల్లలూ పక్కపక్కన వుండాలి.

రెండోది, వుపన్యాసం మానేశాము. ముగ్గురు నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడడం, చివర "యిప్పుడు మీరు మాకు చెప్పండి, ఇంటికి పోయి మీ కోడలికి యేమని చెబుతారో అలా చెప్పండి" అనడం. వారు తప్పు చెబితే అది మా తప్పు, మళ్లీ చెప్పాలి. మీరు నమ్మరు, యిది మొదలుపెట్టిన రోజు సగానికి సగం తప్పు చెప్పారు. చదువుకున్నవారు కూడా. ఒక ఇంజినీరు సోదరుడు మేము చెప్పినదంతా ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పి, షుగరు పడిపోతే యేం చేస్తారంటే "ఇఫ్తార్‌కు గంటే వుంటే ఆగుతాను" అన్నాడు. ఆగకూడదన్నదే పాఠం.

మూడోది, అడిగే ప్రశ్న. "బాగా గడిచిందా?" అని అడిగితే "బాగా గడిచింది" అనే అంటారు. అందుకని "నిన్న మొన్న చెమట పట్టిందా, చేతులు వణికాయా, యింట్లో వారిమీద వూరికే కోపం వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టాము. మూడో రోజాకూ పదో రోజాకూ ఫోను. చెప్పినదంతా నోటుబుక్కులో రాయడం: తారీకు, వేళ, షుగరు యెంత, సహరీలో యేం తిన్నారు, రోజా విప్పారా లేదా. కోపం ప్రశ్నకు మాత్రం మొగవారికి బదులు వారి యింట్లోవారిని అడగవలసి వచ్చింది, వారు వెంటనే చెప్పారు.

ఆ యేడు నెలాఖరున లెక్క చూస్తే షుగరు పడిపోయిన సందర్భాలు మొదటి యేటికన్నా బాగా పెరిగాయి. సంఘం పెద్దలలో ఒకరు పుస్తకం తిరగేసి, "ఇదేందమ్మా, మీరు నేర్పినంక ఎక్కువైనయి?" అన్నారు. న్యాయమైన ప్రశ్న. మొదటి యేడు సున్నాకు దగ్గరగా వున్నది ఆరోగ్యం కాదు, మౌనం. రెండో యేడు జనం నోరు విప్పారు. ఆయన కాసేపు ఆలోచించి, "అట్లయితే ఇంక ఎక్కువ రానియ్యండి" అని స్ట్రిప్పుల డబ్బాలు కొనిపెట్టారు. ఆసుపత్రులలో కూడా యిదే జరుగుతుంది. వార్డులో రోగి మంచం మీద నుంచి పడితే రాయమంటారు, రాస్తే యెవరు కారణమని నిలదీస్తారు. మరుసటి నెల యెవరూ రాయరు. కాగితం మీద ఆ వార్డు చాలా మంచి వార్డు.

పుస్తకంలో వేళలు చూసేసరికి మాకు ఒక సంగతి కొట్టవచ్చినట్టు కనబడింది. చాలా మటుకు మధ్యాహ్నం మూడు నుంచి ఇఫ్తార్ లోపలే. యెక్కువమంది ఆ రోజు సహరీ మానేసినవారో, అర్ధరాత్రే తినేసి పడుకున్నవారో. వారిలో రాత్రి డ్యూటీ డ్రైవర్లు, వంటావిడలు. అందుకని మూడో యేడు మా బల్ల వారి దగ్గరకు వెళ్లింది. ఆదివారం పొద్దున హాలుకు డ్రైవరు యెలా వస్తాడు, అతను పడుకునే వేళ అది. ఇషా నమాజు తర్వాత క్యాబులు ఆగేచోట, కారు బానెట్టు మీద కాగితాలు పరచి చెప్పాము. 1-0-1 అని రాయడం మానేసి, సహరీకి చుక్క బొమ్మ, ఇఫ్తార్‌కు దిగే సూర్యుడి బొమ్మ పెట్టి కింద మాత్ర అంటించాము. అక్షరం రానివారికీ అర్థమయింది, వచ్చినవారికీ అర్థమయింది.

మూడో యేడు మధ్యాహ్నపు లెక్క తగ్గింది. తగ్గిందని మాత్రమే చెబుతాము. మాది చిన్న పుస్తకం, దానితో పెద్ద మాటలు చెప్పకూడదు. పైగా ఒక దెబ్బ కూడా తగిలింది. షుగరు పడిపోతే ప్రమాదమని మేము చెప్పినదంతా చెవులారా విన్న ఒక చాచా భయపడి నెలంతా మాత్రలే మానేశారు. ఇఫ్తార్‌లో షర్బతు, హలీము, ఖుబానీ కా మీఠా మాత్రం మానలేదు. ఇరవయ్యో రోజాకు షుగరు ఆకాశానికి పోయి ఆసుపత్రిలో చేరారు. బతికి బయటపడ్డారు. ఒకవైపు వాన ఆపబోతే యింకోవైపు కప్పు కారింది. యిప్పుడు ఫోనులో "మాత్ర వేసుకున్నారా?" అన్నది మొదటి ప్రశ్న.

మా అనుభవం పక్కన పెట్టినా నర్సు చేత చెప్పిస్తే ఫలితం వుంటుందనడానికి మన రాష్ట్రంలోనే సాక్ష్యం వున్నది. సిజేరియన్ కాన్పుల్లో తెలంగాణ దేశంలో ముందున్నది, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం నూటికి 60కి పైగా. దీన్ని తగ్గించాలని ప్రభుత్వం, ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ కలిసి 2017లో కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. నడిపించడం, ధైర్యం చెప్పడం, నొప్పులప్పుడు పక్కన వుండడం, అన్నీ మన నానీమాలు యెరిగిన సంగతులే, శాస్త్రంతో కలిపి. ఇక షుగరు విషయానికి వస్తే భారత్, పాకిస్తాన్‌లలోని 10 క్లినిక్కులలో 1,146 మంది రోగులతో చేసిన ఒక ప్రయోగ ఫలితం 2016లో వచ్చింది. డాక్టరుకు తోడుగా, రోగిని వెంటబడి కనుక్కునే ఒక మనిషినీ, కంప్యూటరు సాయాన్నీ పెట్టారు. షుగరుతోపాటు బీపీ గాని కొలెస్టరాలు గాని అదుపులోకి వచ్చినవారు మామూలు పద్ధతిలో నూటికి 8 మంది అయితే యీ పద్ధతిలో 18 మంది. 18 అంటే గొప్పేమిటని మీరు అనవచ్చు. మిగతా 82 మంది సంగతి మాకూ దిగులే. కాని రెట్టింపు కన్నా యెక్కువ కదా.

ఇక మీకు పనికివచ్చే మాటలు. ఇవి వైద్యులు అంగీకరించిన మార్గదర్శక సూత్రాలే, మా సొంతం కాదు.

రంజానుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు డాక్టరును కలవాలి. అంటే రజబ్ నెలలో. చాంద్ కనబడ్డాక పరుగెత్తితే మందు మార్చి చూసే వ్యవధి వుండదు. యే మాత్ర ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి, పక్కింటి చాచాకు చెప్పినది మీకు వర్తించదు. కొన్ని మాత్రలు ఒంటరిగా షుగరును అంతగా పడగొట్టవు, కొన్ని పడగొడతాయి, ఇన్సులిన్ మరీను. కాగితం మీద మాత్ర పేరు చూపి "ఇది పడగొట్టేదా?" అని నేరుగా అడగండి. "నేను రోజా వుంటాను" అన్న మాట మీరే ముందు చెప్పండి, డాక్టరు అడగకపోయినా సరే.

గర్భిణులు, డయాలిసిస్ చేయించుకునేవారు, గత మూడు నెలల్లో షుగరు బాగా పడిపోయి గాని, విపరీతంగా పెరిగి గాని ఆసుపత్రి పాలైనవారు, చిన్న వయసులో వచ్చిన షుగరు అదుపులో లేనివారు, వీరికి ప్రమాదం చాలా యెక్కువ. వీరు డాక్టరుతోనూ ఇమాం సాబ్‌తోనూ యిద్దరితోనూ మాట్లాడాలి.

సహరీ మానకండి, వీలైనంత ఆలస్యంగా చేయండి. పరాటా, చాయి కన్నా జొన్నరొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు మేలు, నెమ్మదిగా అరుగుతాయి. ఇఫ్తార్‌లో ఖజూరు ఒకటో రెండో, నీళ్లు, తర్వాత భోజనం. హలీము వద్దనే ధైర్యం మాకు లేదు, హైదరాబాదులో వుండి ఆ మాట అంటే మమ్మల్ని మళ్లీ పిలవరు. పెద్ద ప్లేటు కాక చిన్న గిన్నె తెప్పించుకోండి, ఆ రోజు బిర్యానీ, డబల్ కా మీఠా వద్దు. తరావీహ్ నమాజు కూడా వ్యాయామమే, వేరే జిమ్ము అక్కరలేదు.

షుగరు 70 కన్నా దిగినా, 300 కన్నా యెక్కినా ఆ రోజుకు రోజా విప్పాలి. ఇఫ్తార్‌కు పది నిమిషాలే వున్నా సరే. మిషను దగ్గర లేక చెమట, వణుకు, తికమక వస్తే చూసేదాకా ఆగనక్కరలేదు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలు కూర్చుని మళ్లీ చూసుకోవాలి. బండి నడిపేవారు ముందు బండి పక్కకు ఆపాలి. స్పృహ లేని మనిషి నోట్లో యేదీ పోయకండి, 108కి ఫోను చేయండి. ఇంకొకటి, దారిలో యెవరయినా తూలుతూ కనబడితే వీడియో తీసేముందు "షుగరుందా భాయ్?" అని అడగండి.

ఆడవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అందరికీ ఇఫ్తార్ వడ్డించి, గిన్నెలు సర్ది, తనకు మాత్ర వుందన్న సంగతి ఇషా వేళకు గుర్తుకు వచ్చే తల్లులు మా పుస్తకంలో పేజీకి ఒకరున్నారు. కొడుకులూ, దస్తర్‌ఖాన్ మీద కూర్చునేముందు అమ్మీ మాత్ర డబ్బా మీరు తెచ్చి పెట్టండి. దీనికి నర్సింగు చదువు అక్కరలేదు.

సంఘాన్ని మేము కోరేది కొంచెమే. రజబ్ నుంచి షవ్వాల్ దాకా ఆదివారాలు యీ హాలు, వారానికి రెండు రాత్రులు క్యాబు స్టాండు దగ్గర ఒక బల్ల, లైటు. స్ట్రిప్పులకు చందా. బస్తీ దవాఖానాలు 2018 నుంచి నడుస్తున్నాయి, వాటిలో డాక్టరుతోపాటు ఒక స్టాఫ్ నర్సు వుంటుంది. మన మొహల్లా దగ్గరి దవాఖానాలో ఆ సోదరిని మన పెద్దలు వెళ్లి కలిసి, మా పుస్తకం చూపించి, షుగరున్నవారిని అటు పంపే యేర్పాటు చేయాలి. ఇక పెద్ద ఆసుపత్రుల మేనేజిమెంట్లలో మీకు పరిచయాలున్నవారు ఒక మాట వేయండి: డిశ్చార్జి రోజున రోగికి చెప్పడానికి నర్సుకు పదిహేను నిమిషాలు యివ్వండని. మేము ఆదివారాలు వచ్చి చేస్తున్నది అసలు ఆ వార్డులోనే జరగవలసిన పని.

ఆ డ్రైవరు సోదరుడు యీ సభలో వున్నారు, పేరు చెప్పవద్దన్నారు. కిందటి యేడు క్యాబు స్టాండులో బల్ల మోసినది, మిగతా డ్రైవర్లను పిలుచుకు వచ్చినది ఆయనే. ఖాలా కూడా వచ్చారు. మిషను పెట్టె విప్పారు. కిందటి రంజానులో రెండు రోజాలు విప్పవలసి వచ్చిందని మాకు స్వయంగా ఫోను చేసి చెప్పారు. తర్వాత వాటి ఖజా కూడా తీర్చుకున్నారట, చలికాలంలో, డాక్టరును అడిగి.

రజబ్ మొదటి ఆదివారం పొద్దున పది గంటలకు బల్ల మొదలవుతుంది. మందుల చీటీ, మాత్రల ఖాళీ స్ట్రిప్పులు, మిషను వుంటే మిషను తెచ్చుకోండి. ఇంట్లో వండే మనిషిని కూడా వెంట తీసుకురండి. కిందటిసారి కుర్చీలు చాలలేదు, కొందరు మెట్లమీద కూర్చున్నారు. కార్యదర్శిగారు ఆ సంగతి కూడా రాసుకోవాలని మనవి.